గాజు పెట్టె గారికి ఒక గట్టువాసి లేఖ

ఒహాయో రాష్ట్రంలో మా అబ్బాయి ఇంటి హాలులో, టీవీకి ఎడమ పక్కన ఎత్తయిన బల్ల మీద వేంచేసి ఉన్న గాజు పెట్టె గారి సముఖానికి, కోనసీమలో అంబాజీపేట దగ్గర ఏడు కుంచాల కొబ్బరితోటకూ రెండెకరాల వరిచేనుకూ కాపలాదారుగా బతుకుతున్న విశ్రాంత లెక్కల మాస్టారు వ్రాయు లేఖార్థములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ, తమ కడుపులో ఉన్న గార్టర్ పామూ క్షేమమని తలుస్తాను.

తమతో నా పరిచయం ఆరు నెలలదే అయినా, అందులో పది రోజులు తమకు ఊడిగం చేసినవాడిని కనుక ఈపాటి చనువు తీసుకుంటున్నాను. వచ్చిన మొదటి రోజు తమరిని చేపల తొట్టె అనుకుని, నీళ్లు ఇంకిపోయినట్టున్నాయి చూడమ్మా అని కోడలితో అన్నాను. మనవడు పకపకా నవ్వి, తమ అడుగున పరిచిన చెక్క పొట్టులోంచి బూటు లేసంత ప్రాణిని తీసి నా అరచేతిలో పెట్టబోయాడు. దాని పేరు కూడా లేసేనట. నల్లటి ఒంటి మీద మూడు పసుపు చారలు నిలువునా దిద్దినట్టు ఉన్నాయి. పూర్వం దొరలు మేజోళ్లు జారిపోకుండా మోకాలి కింద కట్టుకునే చారల పట్టీని బట్టి ఈ పాముకు ఆ పేరు వచ్చిందని అబ్బాయి చెప్పాడు. అంగడివాడు మాత్రం, మొదటిసారి పామును పెంచేవారికి ఇంతకన్నా అనువైనది లేదని చెప్పి అమ్మాడట. ఆ అనువు ఎంతటిదో, అబ్బాయి కుటుంబంతో ఊరు వెళుతూ నా చేతిలో నాలుగు పేజీల ఆజ్ఞాపత్రం పెట్టిన రోజున నాకు తెలిసింది.

అంకెల దగ్గర తడబడేవాడిని కాను. తమ కుడి కొస 29 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడితో, ఎడమ కొస 22 నుంచి 24 డిగ్రీల చలువతో ఉండాలి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కనుక, ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ సరిచూసుకుంటుంది. దాక్కోవడానికి రెండు కొసల్లోనూ చెరొక గూడు ఉండాలి. ఒక్కటే ఉంటే వెచ్చదనం కోసం బయటికి రావాలో, భయానికి లోపలే ఉండాలో తేల్చుకోలేక అది నలిగిపోతుంది. ఒళ్లంతా ముంచుకునేంత నీళ్ల గిన్నె ఉండాలి, కానీ ఆ నీళ్లు ఒలికి పడక తడిస్తే పొట్ట కింద బొబ్బలు లేస్తాయి. ఆ పడకకు ఆస్పెన్ చెక్క తరుగు పనికివస్తుంది కానీ దేవదారు తరుగు పనికిరాదు, దాని నూనెలు పాముకు విషం. ఇంతటి సంసారమూ రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తమ గర్భంలోనే సాగాలి. మా ఊళ్లో ఇల్లు కట్టినప్పుడు నేను ఇంత వాస్తు చూడలేదు.

ఇక భోజనం సంగతి. ఆ దేశంలో మట్టిలో దొరికే పెద్ద వానపామును కత్తెరతో అంగుళం ముక్కలుగా కోసి, కడిగి, పళ్లెంలో పెట్టాలి. పాముకు వానపామును తరిగి వడ్డించడమనే పుణ్యకార్యం డెబ్బై ఏళ్లు దాటాక నా నుదుటన రాసి ఉందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. వానపాములన్నీ ఒకటే కదా అనుకుంటే అదీ పొరపాటే. మనం వర్మీకంపోస్టు కోసం పెంచే ఎర్రటి వానపాము ఈ పాముకు పడదు. చేప పెట్టవచ్చు కానీ గోల్డ్ ఫిష్ పెట్టకూడదు. దాని కండలో బి1 విటమినును విరిచేసే పదార్థం ఒకటి ఉందనీ, అదే పనిగా తినిపిస్తే పాముకు మూర్ఛలు వస్తాయనీ మూడో పేజీలో ఎర్ర సిరాతో రాసి ఉంది. మంచుపెట్టెలో మా ఇంటావిడ పంపిన గోంగూర పచ్చడి సీసా పక్కనే, కళ్లు తెరవని ఎలుక పిల్లల పొట్లం ఉండేది. నేను ఆ పది రోజులూ మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

ఇంతకీ నా ఫిర్యాదు తమ మూత మీద. ఆజ్ఞాపత్రంలో ‘మూత క్లిప్పులు రెండూ పడ్డాయో లేదో చూడాలి’ అన్న మాట కింద రెండు గీతలు ఉన్నాయి. నాలుగో రాత్రి కుడి క్లిప్పు టక్కుమన్నది. ఎడమది కూడా అన్నదనే అనుకున్నాను. తెల్లారి చూస్తే తమ గూళ్లు రెండూ ఖాళీ. పెన్సిలు దూరే సందు చాలట ఈ జాతికి. పాము కాళ్లు పాముకే ఎరుక అని ఎన్నిసార్లు విన్నానో, ఆ పూట మాత్రం ఆ కాళ్లు ఎటు నడిచాయో ఎరుకపరచవయ్యా అని ఎవరిని అడగాలో తోచలేదు. ఇంటావిడకు ఫోను చేశాను. ఇక్కడ అప్పుడు సాయంత్రం, దీపం పెట్టే వేళ. ‘పురుగు కనిపించడం లేదే’ అన్నాను, దీపాల వేళ పాము అన్న మాట అనకూడదు కనుక. ‘కర్ర తీసుకోండి ముందు, చెప్పులేసుకోండి’ అన్నది. ‘కొట్టడానికి కాదే, వెతకడానికి’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. నలభై ఆరేళ్ల కాపురంలో నేను కొట్టడానికి కాక పామును వెతికిన సందర్భం ఆవిడ ఎరుగదు.

మధ్యాహ్నం దాకా గాలిస్తే, చివరికి ఫ్రిజ్ వెనుక మోటారు వెచ్చగా తగిలే చోట, నేను తీసుకువెళ్లిన ఆత్రేయపురం పూతరేకుల ఖాళీ అట్టపెట్టెలో, రేకుల మధ్య వేసే కాగితం మడతలో చుట్టచుట్టుకుని ఉంది. తమరికి నూట ఎనభై డాలర్లు పోసి అమర్చిన వెచ్చదనమూ, చీకటీ, పొడి పడకా, ఆ అట్టపెట్టెలో అణా ఖర్చు లేకుండా దానికి దొరికాయని నేను మనవి చేస్తే తమరు నొచ్చుకోకూడదు. చేతిలోకి తీసుకోగానే అది నన్ను కరవలేదు కానీ, ఎండగట్టిన రొయ్యల చెరువు వాసన వేసే ద్రవాన్ని నా చొక్కా మీద వదిలి, కృతజ్ఞత తెలుపుకుంది. మూడు సార్లు సబ్బుతో రుద్దినా ఆ చేత్తో అన్నం కలుపుకోలేకపోయాను.

తమ పాము గురించి చదవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. 2007లో మసాచుసెట్స్ దీన్ని తమ రాష్ట్ర సరీసృపంగా, 2016లో వర్జీనియా తమ రాష్ట్ర పాముగా ప్రకటించుకున్నాయి. కెనడాలో మనిటోబా రాష్ట్రపు నార్సిస్ దగ్గర, చలికాలమంతా సున్నపురాతి బొరియల్లో నిద్రపోయిన ఈ పాములు వసంతంలో వేల సంఖ్యలో బయటికి వస్తాయి. వాటిని బండ్లు తొక్కకుండా రహదారి కింద సొరంగాలు తవ్వి, పక్కన కంచె కట్టారు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. అన్నిటికన్నా నన్ను ఇరకాటంలో పెట్టినది వేరొకటి. శాస్త్రజ్ఞులు దీన్నీ, మా బోదెల్లో తిరిగే నీరుకట్టునూ ఒకే ఉపకుటుంబంలో, నాట్రిసినే అనే ఇంటిపేరు కింద రాశారు. దాయాదులన్నమాట. మా వాడికి కోపం కాస్త ఎక్కువ, పట్టుకుంటే కరుస్తాడు, కానీ ప్రాణం తీసే విషం వాడికీ లేదు.

కిందటి సార్వా ఊడ్పుల్లో, కూలీల కాళ్ల కింద తేలిన నీరుకట్టును పక్క చేనువారి కుర్రవాడు కొట్టినప్పుడు, కర్ర అందించినవాడిని నేనే. వడ్లగాదె వెనుక జెర్రిపోతును చంపించినదీ నేనే. ఆ మరుసటి పంటకు చేలో ఎలుకల బుట్టలు పెట్టించడానికి కూలి ఇచ్చినదీ నేనే. ఏటా కార్తికంలో నాగుల చవితికి పుట్ట దగ్గర నిలబడి, పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో అని చేతులు జోడించి, ఏ పామూ తాగని పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ నైవేద్యం పెట్టి వస్తాను. తొక్కడం తప్ప కొట్టడం గురించి ఆ పద్యంలో ఏమీ అనలేదన్న ధైర్యం కాబోలు.

మీ దొరల సంగతీ తక్కువేమీ కాదు లెండి. తమరున్న ఇంటి వెనుక గడ్డిలోనే లేసు చుట్టాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఒక ఆదివారం అబ్బాయి పొరుగాయన గడ్డి కోసే యంత్రం ఆపి, పార పట్టుకుని ఒకదాని వెంట పరుగెత్తడం నేను కిటికీలోంచి చూశాను. అప్పుడు తమలో ఉన్నది కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలంగా మసకబారి గూటిలో పడుకుని ఉంది, దాన్ని కదిలించకూడదని మేమంతా మెల్లగా మాట్లాడుకుంటున్నాం.

ఇంటికి చేరాక మనవడు వీడియోలో, తాతయ్యా, మీ ఊళ్లో పాముంటే దాని ట్యాంకు ఎంత పెద్దదని అడిగాడు. ఫోను పట్టుకుని చేలోకి వెళ్లాను. గట్టుకు దక్షిణం వైపు ఎండ, ఉత్తరం వైపు తుంగ నీడ. రెండు వైపులా పీత బొరియలు. పైన పొడి మట్టి, కింద బోదె నీళ్లు, నీళ్లలో కప్పలూ చిరు చేపలూ. వేసవిలో కాలువలు కట్టేసినా అడుగున మడుగులు మిగులుతాయి. అబ్బాయి ఇచ్చిన నాలుగు పేజీలలో ఏ ఒక్క ఆజ్ఞా అక్కడ తప్పలేదు; థర్మోస్టాటు లేదు, మూత లేదు. ఇదే ట్యాంకు అన్నాను. అయితే ఒకదాన్ని పట్టి పెంచుకో తాతయ్యా అన్నాడు. మా దేశంలో 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉందనీ, పట్టి పెట్టెలో పెడితే నేరమనీ చెప్పాను. మరి కొడితే, అన్నాడు. అదీ నేరమే నాన్నా అని చెప్పి, ఎండ ఎక్కువగా ఉందని ఫోను పెట్టేశాను.

తమ పామును ఇక్కడికి తెచ్చే ఆలోచన మాత్రం అబ్బాయికి పెట్టకండి. రోహిణి కార్తెలో మా హాలు తమ వేడి కొసను ఎప్పుడో దాటిపోతుంది. దానికి ఏసీ, ఆ ఏసీకి కరెంటు, ఆ కరెంటు పోయినప్పుడు విసనకర్రతో నేను.

మొన్న కొబ్బరి డొక్కల బేరగాడు బండితో వచ్చాడు. పెరటి కుప్పలో కింది వరసన మూరెడు కుబుసం కనిపించింది. కుప్ప ఇవ్వనన్నాను. ధర చాలలేదా అని వాడు అడిగాడు, మతి చాలలేదని ఇంటావిడ చెప్పింది. కర్రను దూలం మీదికి ఎక్కించాను. పూర్తిగా పారేయలేదు, కట్లపాములూ రక్తపింజరలూ తిరిగే ఊరు, అబద్ధమాడను.

ఇట్లు,
తమ పది రోజుల సేవకుడు.

తాజా కలం: తమ ఎడమ క్లిప్పు మళ్లీ వదులైందని మనవడు చెప్పాడు. పూతరేకుల పెట్టె ఇంకా ఫ్రిజ్ వెనుకే ఉంటే, ముందు అందులో చూడమనండి.