వాటా వరకే కూతురు, కుర్చీకి కొడుకు

గ్రోమోర్ ఎరువు బస్తాలు మోసిన తెలుగు రైతుల్లో చాలామందికి మురుగప్ప అన్న పేరు తెలియకపోవచ్చు గానీ, సికింద్రాబాద్‌లో ప్రధాన కార్యాలయమున్న కోరమాండల్ ఇంటర్నేషనల్ చెన్నైకి చెందిన ఆ కుటుంబ గ్రూపుదే. 1900లో బర్మాలోని మౌల్మీన్‌లో వడ్డీ వ్యాపారంతో మొదలై సైకిళ్లు, ఎరువులు, ఫైనాన్స్ దాకా విస్తరించిన ఈ గ్రూపును తరాల ఐక్యతకు ఆదర్శమని పొగడటం మన వ్యాపార పాత్రికేయులకు అలవాటు. ఆ ఐక్యత ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో అడిగేవారు తక్కువ.

2017లో ఆ కుటుంబానికి చెందిన ఎం.వి. మురుగప్పన్ మరణించాక, గ్రూపు కంపెనీల వాటాలను తన చేతిలో ఉంచుకునే హోల్డింగ్ కంపెనీ అయిన అంబాడి ఇన్వెస్ట్‌మెంట్స్‌లో ఆయన భార్యకు, ఇద్దరు కుమార్తెలకు కలిపి 8 శాతానికి పైగా వాటా ఉండేది. అణు ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేసిన కుమార్తె వల్లి అరుణాచలం బోర్డులో స్థానమివ్వాలని, లేదంటే తమ వాటాను న్యాయమైన ధరకు కొనాలని కోరారు. 2020 సెప్టెంబరులో ఆమె నియామకాన్ని వాటాదారులు 91 శాతానికి పైగా ఓట్లతో తిరస్కరించారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఉంటుందని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది సరిగ్గా ఆ ముందు నెలలోనే! వివాదం 2023 ఆగస్టులో రాజీతో ముగిసింది. మురుగప్పన్‌కు కొడుకు ఉండి ఉంటే అసలు అంతదూరం వచ్చేదే కాదని నా నమ్మకం.

వాటా ఆస్తి, డైరెక్టరు పదవి బాధ్యత, రక్తసంబంధం ఒక్కటే దానికి అర్హత కాజాలదు అన్న వాదన ఉంది. సూత్రంగా కాదనలేను. అయితే తండ్రి నుంచి కొడుక్కి కుర్చీ దిగివచ్చినంత కాలం పెట్టని ఆ పరీక్ష, కూతురి వంతు వచ్చేసరికే ఎందుకు మొదలవుతుంది?

అదే చెన్నైలో చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి 1983లో అపోలో ఆసుపత్రిని ప్రారంభించి, నలుగురు కుమార్తెలకూ నిర్వహణ పగ్గాలు అప్పగించారు. అదీ వంశ పాలనే, సందేహం లేదు. కానీ కొడుకు లేకపోతే వ్యాపారం నిలవదన్న భయానికి అంతకంటే గట్టి జవాబు దొరకదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం మన ఊళ్ల రైసుమిల్లులు, బట్టల దుకాణాలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కునిస్తూ కేంద్రం 2005లో చేసిన సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది. అయినా పసుపు కుంకుమ కింద ఇచ్చిందే ఆడపిల్ల వాటా అనుకునే ఇళ్లు నేటికీ ఎన్నో. వ్యాపారంలో భాగం అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు విడుదల పత్రం మీద ఆమె మారుమాట లేకుండా వేలిముద్ర వేస్తుంది. ఆ సాయంత్రం అన్నదమ్ములు ఆమెకు చీర పెట్టి సాగనంపుతారు.