బ్యాటరీ ఏ రకమో అడక్కుండా ఛార్జర్ అమ్మొద్దండి

పోయిన ఆదివారం తడ దగ్గర భీమునివారిపాళెం పోయినా. మా మామకి పులికాట్‌లో చేపల పడవ ఉంది. రాత్రిపూట లైట్లకీ, పడవ అడుగున చేరే నీళ్ళు తోడే మోటారుకీ పోయినేడు 12 వోల్టుల జెల్ బ్యాటరీ కొన్నాడు. "అబ్బయ్యా, గంట కూడా నిలబడటంలేదు, వచ్చి చూడు" అని ఫోన్ చేసినాడు. పోయి చూస్తే బ్యాటరీ పక్కలు రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. ఛార్జింగ్‌లో పెట్టి మీటర్ ఆనిస్తే 14.8 వోల్టులు. ఛార్జర్ బటన్ ‘ఫ్లడెడ్’ (నీళ్ళు పోసే రకం) దగ్గర ఉంది, డబ్బాలోంచి తీసినప్పుడు ఎట్లుందో అట్లనే. బ్యాటరీ, ఛార్జర్ రెండూ ఒకే షాపులో కొన్నవి. బటన్ మార్చాలని ఒక్క మాట చెప్పలేదు.

తిరుపతిలో పదేళ్ళుగా ఇన్వర్టర్లు, బ్యాటరీలు బాగుచేస్తున్నా. నాకు కడుపు మండేది ఇక్కడే.

నీళ్ళు పోసే బ్యాటరీకి 14.8 ఇస్తే బుడగలు పైకొచ్చి పోతాయి. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటాం, అయిపోయింది. జెల్‌లో యాసిడ్ సిలికాతో కలిసి ముద్దలా ఉంటుంది. వోల్టేజ్ ఎక్కువైతే పుట్టిన బుడగ బయటికి రాలేక ఆ ముద్దలోనే సందు చేస్తుంది. ఆ సందు మళ్ళీ పూడదు, అక్కడ ప్లేటు ఎండిపోతుంది. అందుకే దానికి 14.1 దగ్గర ఆపాలి. ఏజీఎం అనే ఇంకో రకంలో యాసిడ్‌ను గాజు నార పీల్చుకుని ఉంటుంది, అది 14.4 నుంచి 14.7 దాకా తట్టుకుంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి 14.2 నుంచి 14.6 చాలు, ఈక్వలైజ్ మోడ్ (కావాలని వోల్టేజ్ పెంచి ఛార్జ్ చేసేది) మాత్రం దాని జోలికే రాకూడదు. కంపెనీని బట్టి అంకె కొంచెం అటూఇటూ అవుతుంది, లేబుల్ చూడండి. పక్కన సన్న అక్షరాల్లో ‘సైకిల్ యూజ్’ (రోజూ వాడి మళ్ళీ నింపేదానికి), ‘స్టాండ్‌బై యూజ్’ (ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచేదానికి) అని వోల్టేజీలు అచ్చేసి ఉంటారు.

భయపడి నీళ్ళ బ్యాటరీకి జెల్ సెట్టింగ్ పెట్టినా నష్టమే. ఎప్పటికీ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి సత్తువ పోతుంది.

ఇంకొక పెద్ద పొరపాటు: నీళ్ళు పోసే మూతలు లేకపోతే అది జెల్ అనుకోవడం. ఎస్ఎంఎఫ్ (నీళ్ళు పోయక్కర్లేని సీలు వేసిన రకం) అని అమ్మేవాటిలో చాలావరకు జెల్ కావు, లోపల ఏజీఎం గానీ మామూలు యాసిడ్ నీళ్ళు గానీ ఉంటాయి. మీ ఇంటి ఇన్వర్టర్ వెనక ట్యూబులర్ (నీళ్ళు పోసే రకం), ఎస్ఎంఎఫ్ అని చిన్న స్విచ్ ఉండొచ్చు, దాని సంగతీ ఇంతే. ఒకసారి వెనక్కి తిప్పి చూడండి.

మన ఎండల మాట వేరే చెప్పాల. ఈ అంకెలన్నీ 25 డిగ్రీలకి. లెడ్ బ్యాటరీకి (లిథియం తప్ప పైన చెప్పినవన్నీ ఇవే) ఆపైన డిగ్రీకి 0.02 నుంచి 0.03 వోల్టుల దాకా తగ్గించాల. మే నెలలో 40 దాటినప్పుడు జెల్‌కి 14.1 కూడా ఎక్కువే, 13.8 దగ్గర ఉండాల. టెంపరేచర్ వైరు ఉన్న ఛార్జర్ అదే తగ్గించుకుంటుంది. లేనిదాన్ని చేపల పడవలాంటి ఎండలో ఉండే చోటికి అమ్మడం అన్యాయం. ఒక వేట మనిషి ఎన్ని రాత్రుల సంపాదన ఆ ఉబ్బిన డబ్బాలో పోయిందో అమ్మినోళ్ళు ఆలోచించినారా?

మామ ఈసారి జెల్ వద్దన్నాడు. "నీళ్ళ బ్యాటరీయే కొంటా, లోపల ఏం జరుగుతుందో కంటికి కనబడుతుంది" అన్నాడు. యాసిడ్ చిక్కదనం చూసే నా హైడ్రోమీటర్ ఆయనకే ఇచ్చేసినా. నిండితే 1.265 దగ్గర తేలుతుందని గీత చూపించి, ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా బ్యాటరీ ఉంచే పెట్టె మూత తీసి గాలి ఆడనియ్యమని చెప్పి వచ్చినా.