గెలిచిన గుర్రానికి పుస్తకం ఉంది, గెలిచిన కోడెకు ఏది?

ఫ్రాంకెల్ అనే గుర్రం 2010 నుంచి 2012 దాకా 14 పందేల్లో పరుగెత్తి పద్నాలుగూ గెలిచింది. ఆ తర్వాత పరుగు మాన్పించి ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్ దగ్గరి ఫారంలో విత్తనపు గుర్రంగా, అంటే పిల్లల కోసం ఆడ గుర్రాలతో జత కట్టించే మగ గుర్రంగా పెట్టారు. మొదటి సీజన్‌లో ఒక ఆడ గుర్రాన్ని దాటించడానికి ఫీజు 1,25,000 పౌండ్లు. 2024 నాటికి అది 3,50,000 పౌండ్లకు చేరింది. మన లెక్కలో మూడున్నర కోట్ల రూపాయలకు పైమాటే. నంద్యాల వైపో, జమ్మలమడుగు వైపో ఎద్దుల పోటీలు తెలిసిన రైతుకు ఈ సంగతి చెబితే, ఫీజు విని ఆశ్చర్యపోయినా ఆ వెంటనే అడిగేది ఒకటే: దాని పిల్లలు పరుగెత్తాయా?

పరుగెత్తాయి. 2021లో, మళ్లీ 2023లో బ్రిటన్, ఐర్లండ్‌లలో నంబర్ వన్ విత్తనపు గుర్రం ఫ్రాంకెలే. కానీ ఛాంపియన్లందరికీ ఇలా కలిసిరాలేదు. అమెరికాలో సిగార్ వరసగా 16 పందేలు గెలిచింది. 1996లో రిటైరయ్యాక చూస్తే దానివల్ల ఒక్క ఆడ గుర్రం కూడా చూలు కట్టలేదు. సెక్రటేరియట్ కథ ఇంకోలా నడిచింది. 1973లో ట్రిపుల్ క్రౌన్ (అమెరికాలో మూడు పెద్ద పందేలు ఒకే ఏడాది గెలవడం) గెలవడానికి నెలల ముందే దాన్ని 60 లక్షల 80 వేల డాలర్లకు వాటాలేసి అమ్మేశారు. దానికి మంచి పిల్లలు లేకపోలేదు గానీ తనంతటిది పుట్టలేదు. దాని సత్తా కూతుళ్ల కడుపున బయటపడింది. పేరుమోసిన విత్తనపు గుర్రాలు స్టార్మ్ క్యాట్, ఏపీ ఇండీ రెండూ సెక్రటేరియట్ కూతుళ్లకు పుట్టినవే.

ఇక ఫ్రాంకెల్ సొంత తమ్ముడు నోబుల్ మిషన్. తండ్రి గెలీలియో, తల్లి కైండ్, ఇద్దరికీ వాళ్లే. ఇదీ పెద్ద పందేలు గెలిచిందే. అమెరికాలో విత్తనానికి పెడితే అన్నకు దక్కిన పేరులో కొంత కూడా దక్కలేదు, చివరికి జపాన్‌కు పంపారు. ఒకే తల్లిదండ్రులకు పుట్టి, రెండూ పందేలు గెలిచి, విత్తనం దగ్గరికి వచ్చేసరికి ఇంత తేడా. ఛాంపియన్ అనే మాట జంతువు కాళ్ల గురించి చెబుతుంది. దాని విత్తనం గురించి పిల్లలు పుట్టి, పెరిగి, పందెంలో దిగాకే తెలుస్తుంది. చూలు 11 నెలలు, పిల్ల పరుగుకు రావడానికి మరో రెండేళ్లు. అంటే మొదటి మూడేళ్లు ఫీజు కట్టేవాళ్లంతా నమ్మకం మీదే కడుతున్నారు.

ఫీజు అంతంత ఉండటానికి ఇంకో కారణం ఉంది. థరోబ్రెడ్ అనే ఈ పందెపు గుర్రాల జాతిలో కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు. ఆడ గుర్రాన్ని స్వయంగా తోలుకెళ్లి దాటించాల్సిందే. ఎంత పేరున్న గుర్రమైనా ఒక సీజన్‌లో కొన్ని వందల ఆడ గుర్రాలకు మించి ఏం చూడగలదు? మన దగ్గర బనవాసిలో, నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రాలున్నాయి. అక్కడ ఆబోతు వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రం చేసి ఊరూరికీ పంపుతారు. ఆవు ఎదకొస్తే గోపాలమిత్రను పిలిచి సూది వేయిస్తాం. సామాన్య రైతుకు ఇదే మేలు. గుర్రాల వాళ్ల ఫీజులు చూసి మనం నేర్చుకోవాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం.

నేర్చుకోవాల్సింది వాళ్ల పుస్తకం నుంచి. ఇంగ్లండ్‌లో జనరల్ స్టడ్ బుక్ అనే గుర్రాల వంశావళి పుస్తకం 1791లో మొదలైంది. ఇప్పటి థరోబ్రెడ్ మగ గుర్రాల్లో నూటికి తొంభైకి పైగా తండ్రి వైపు నుంచి ఒకే గుర్రం దాకా వెళ్తాయి. 1704లో సిరియా నుంచి ఇంగ్లండ్ చేరిన డార్లీ అరేబియన్ అది. ఆ గుర్రం అక్కడ ఒక్క పందెంలోనూ దిగలేదు. అయినా దాని విలువ మూడు వందల ఏళ్ల తర్వాత కూడా తెలుస్తోందంటే ఎవరికి ఎవరు పుట్టారో తరతరాలుగా రాసిపెట్టినందువల్లే. మన దేశంలోనూ ఈ గుర్రాలకు పుణే నుంచి స్టడ్ బుక్ నడుస్తోంది. డీఎన్ఏ పరీక్షతో తల్లిదండ్రులు రుజువైతేనే పిల్ల పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది.

మన సీమకు గుర్రాలు కొత్త కాదు. విజయనగర రాజు ఏటా 13 వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. వాటిలో నాటు గుర్రాలూ ఉన్నా, మంచివాటిని అంత ధనం పోసి మళ్లీ మళ్లీ సముద్రం అవతలి నుంచి తెప్పించుకున్నారు. గండికోట, గుత్తి, పెనుకొండ లాంటి కోటలున్న రాజ్యం ఏళ్ల తరబడి ఇలా కొనుగోలు మీదే ఆధారపడింది. సొంత వంశం నిలుపుకోకపోతే ఎప్పుడూ కొనుక్కోవాల్సిందే.

ఇప్పుడు బండలాగుడు పోటీల దగ్గరికి వద్దాం. సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి, ఊరి తిరుణాళ్లకు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో పోటీలు పెడతారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని ఎద్దు వయసును బట్టి విభాగాలు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలిచి మైకులో చెబుతారు. యజమాని పేరు, ఊరి పేరు, దూరం, ప్రైజు అన్నీ పేపర్లో వస్తాయి. ఆ జతకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు? ఆ సంగతి ఏ కాగితం మీదా ఉండదు. తెలిసిన పెద్దాయన బతికున్నంత కాలం నోటి మాటగా నడుస్తుంది, ఆయనతోనే పోతుంది. విత్తు కొట్టించిన ఎద్దు గెలిస్తే ఈ నష్టం ఇంకా పెద్దది. దానికి పిల్లలుండవు. ఆ రక్తం మిగిలేది దాన్ని కన్న ఆవులో, తోడబుట్టిన వాటిలో. వాటిని గుర్తించి ఉంచకపోతే ఏదో ఒక సంతలో అమ్ముడైపోతాయి.

ఒంగోలు జాతికి రిజిస్ట్రేషన్ అసలే లేదని కాదు. కేంద్ర ప్రభుత్వ హెర్డ్ రిజిస్ట్రేషన్ యూనిట్ ఒంగోలులోనే ఉంది. కానీ అది ప్రధానంగా పాల దిగుబడి చూస్తుంది. లాగుడు బలం, ఓర్పు, గిట్టల గట్టితనం నమోదయ్యే చోటు లేదు. ఇదే జాతిని తీసుకెళ్లిన బ్రెజిల్ వాళ్లు నెలోర్ అని పేరు పెట్టుకుని, తరాల వంశావళి రాసి, ఆ పుస్తకం బలంతోనే కోట్లలో అమ్ముకుంటున్నారు. మన పశువుకు అక్కడ రికార్డు ఉండి, ఇక్కడ అలాంటిది లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

దీనికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. కేంద్రం పశువుల వివరాలు నమోదు చేసే భారత్ పశుధన్ కింద ఇప్పటికే పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు వేస్తున్నారు. పోటీ ఎంట్రీ ఫారంలో మూడు గడులు పెంచితే చాలు: ఎద్దు ట్యాగ్ నంబరు, తల్లి ఆవు నంబరు, తండ్రి కోడె నంబరు, లేదా సూది అయితే ఆ ఆబోతు నంబరు. సంతలో కొన్న ఎద్దుకు తల్లి తెలియదంటారా? తెలియదనే రాయండి, వచ్చే తరానికి తెలిసేలా ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల విద్యార్థులు తిరుణాళ్లకు వచ్చి గెలిచిన జతల రక్త నమూనాలు డీఎన్ఏ పరీక్షకు తీసుకుంటే పదేళ్లలో మనకూ ఒక పుస్తకం తయారవుతుంది. వంశం బయటపెడితే అవతలివాడు అదే విత్తనం తెచ్చుకుంటాడనే భయం కొందరు యజమానులకు ఉంటుంది. గెలిచిన కోడె తండ్రి ఎవరో పదిమందికి తెలిస్తే ఆ తండ్రిని మేపుతున్న రైతుకు గిరాకీ వస్తుంది, దాని తోబుట్టువుల ధర సంతలో పెరుగుతుంది. ఫ్రాంకెల్ తండ్రి గెలీలియో అని లోకమంతటికీ తెలుసు, దానివల్ల గెలీలియో యజమానికి నష్టం రాలేదు.