పార్ట్ 2కి ఎవర్ని పిలవాలి?

హిట్ సినిమాకి సీక్వెల్ వస్తోందనగానే మన దగ్గర మొదటి ప్రశ్న హీరో అతనేనా అని, రెండోది డైరెక్టర్ అతనేనా అని. హీరో మారితే ఇక మాట్లాడుకోవడానికే ఏమీ ఉండదు గానీ, డైరెక్టర్ మారాడంటే మాత్రం గంటలకొద్దీ వాదన. 2024 మార్చిలో ‘టిల్లు స్క్వేర్’ వచ్చేముందు మా ఇంట్లోనే జరిగింది ఈ గొడవ. ‘డీజే టిల్లు’ తీసింది విమల్ కృష్ణ, ఇది తీస్తున్నది మల్లిక్ రామ్, కాబట్టి పోయినట్టే అని మా బావమరిది బిర్యానీ పందెం కాశాడు. సినిమా మొదటిదాన్ని మించి ఆడింది. ఆ బిర్యానీ ఇంకా బాకీ ఉన్నాడు, అది వేరే సంగతి.

అసలు ఈ వాదన తేల్చుకోవడానికి 2024 ఒక్క ఏడాది చాలు. మార్చిలో డైరెక్టర్ మారిన ‘టిల్లు స్క్వేర్’ హిట్. జూలైలో ‘భారతీయుడు 2’, అదే శంకర్, అదే కమల్ హాసన్, బోర్లాపడింది. ఆగస్టులో ‘డబుల్ ఇస్మార్ట్’, అదే పూరి జగన్నాథ్, అదే రామ్, మొదటి వారం దాటేసరికి హాళ్లు ఖాళీ. డిసెంబర్లో ‘పుష్ప 2’, అదే సుకుమార్, దేశమంతా ఊగిపోయింది. పాత డైరెక్టర్ ఉంటే చాలు అనేవాడికి రెండు దెబ్బలు, డైరెక్టర్ ఎవరైనా ఒకటే అనేవాడికి ఒక దెబ్బ.

అయితే ‘పుష్ప 2’ని ఈ లెక్కలో వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ‘బాహుబలి’, ‘కేజీఎఫ్’, ‘పుష్ప’, ఇవి సీక్వెల్స్ కావు, ఒకే కథని మధ్యలో విరిచి రెండు ముక్కలుగా అమ్మినవి. ‘పుష్ప’ అయితే ఒక సినిమాగానే మొదలై, నిడివి సరిపోక రెండైంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో 2015లో చెప్పకుండా ఆపేసిన మనిషే 2017లో వచ్చి చెప్పాలి కదా, సగం కట్టిన ఇంటికి మేస్త్రీని మారుస్తామా? అక్కడ డైరెక్టర్‌ని ఉంచాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు. అసలు పరీక్ష ఎక్కడంటే, ఒక కథ పూర్తయి, శుభం కార్డు పడి, జనం ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాక, మళ్లీ ఆ తలుపు తట్టాల్సి వచ్చినప్పుడు.

అలాంటి పరీక్షని మన దక్షిణాది సినిమా తెలియకుండానే ఒకసారి పక్కాగా పెట్టింది. ‘దృశ్యం’. 2013లో మలయాళంలో జీతూ జోసెఫ్ రాసి తీశాడు. తెలుగులో 2014లో వెంకటేష్‌తో శ్రీప్రియ తీశారు, కన్నడలో పి.వాసు, హిందీలో 2015లో నిశికాంత్ కామత్. తర్వాత రెండో భాగం. మలయాళంలో జీతూయే. కన్నడలో వాసుయే. తెలుగులో మాత్రం శ్రీప్రియ బదులు స్వయంగా జీతూ జోసెఫ్ వచ్చాడు. ఇక హిందీలో, నిశికాంత్ కామత్ 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోనే చికిత్స పొందుతూ చనిపోయాడు, ఆ బాధ్యత అభిషేక్ పాఠక్ తీసుకున్నాడు. అంటే ఒకే కథ, ఒకే ముడి, కొన్ని చోట్ల పాత చేయి, కొన్ని చోట్ల కొత్త చేయి. మలయాళం, తెలుగు రెండూ కరోనా కాలంలో నేరుగా ఓటీటీకి వెళ్లాయి కాబట్టి వసూళ్లు పోల్చలేం గానీ, పేరైతే తెచ్చుకున్నాయి. డైరెక్టర్ తప్పనిసరిగా మారాల్సి వచ్చిన హిందీ ‘దృశ్యం 2’ 2022 నవంబర్లో థియేటర్లలో మొదటి భాగం కంటే చాలా ఎక్కువ వసూలు చేసింది.

ఎందుకు నిలబడింది? ‘దృశ్యం’ నుంచి మనం ఇంటికి తీసుకెళ్లింది కెమెరా పనితనమో, టేకింగో కాదు, ఆ ముడి. పోలీస్ స్టేషన్ నేల కింద శవం ఉందని ఆ కుటుంబ పెద్దకి, మనకి మాత్రమే తెలుసు. ఆరేళ్ల తర్వాత కూడా ఆ గుట్టు బరువు అలాగే ఉంది, ఆ ఇంట్లో రాత్రిళ్లు ఎవరైనా తలుపు కొడితే ఆడపిల్ల ఉలిక్కిపడుతూనే ఉంది. కథలో ఇంకా కథ మిగిలి ఉంది. దాన్ని రాసిన మనిషి రెండోసారి కూడా తానే కూర్చుని రాశాడు. పేపర్ మీద గట్టిగా ఉంది కాబట్టి ఎవరి చేతిలో పెట్టినా ఒడ్డున పడింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది, కథ బాగుంటే చాలు డైరెక్టర్ ఎవరైతేనేం అని తీర్పు చెప్పేసేవాళ్లం. కానీ ‘శంకర్ దాదా’ అడ్డం పడుతుంది.

హిందీలో ‘మున్నాభాయ్’ రెండూ రాజ్‌కుమార్ హిరానీవే, 2003లో ఒకటి, 2006లో ఒకటి, రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోలేదు, గాంధీగిరి అన్న మాటే దేశానికి ఇచ్చింది. తెలుగులో 2004లో మొదటిదాని రీమేక్ ‘శంకర్ దాదా ఎంబీబీఎస్’ జయంత్ తీశాడు, ఆడింది. 2007లో రెండోదాని రీమేక్ ‘శంకర్ దాదా జిందాబాద్’ ప్రభుదేవా తీశాడు. కథ అదే, గాంధీ తాత అదే, చిరంజీవి, శ్రీకాంత్ అదే జోడీ. ప్రభుదేవా ఏమైనా చేతకానివాడా అంటే, అంతకు రెండేళ్ల ముందే తెలుగులో ‘నువ్వొస్తానంటే నేనొద్దంటానా’ లాంటి హిట్ ఇచ్చినవాడు. అయినా సినిమా ఆశించినంత ఆడలేదు. ‘దృశ్యం’లో పనిచేసిన సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయలేదు?

నాకు తోచిందేంటంటే, ‘మున్నాభాయ్’లో జనానికి నచ్చింది ముడి కాదు. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి గొంతులో ఏదో అడ్డుపడేలా చేసే ఆ పాకం. ఏ సీన్లో ఎక్కడ నవ్వు ఆపాలి, ఎక్కడ పాట పెట్టకుండా ఊరుకోవాలి అన్న కొలత. ఆ కొలత స్క్రిప్టులో రాయరు, తీసేవాడి చేతిలో ఉంటుంది, అమ్మ చేతి పులుసు లాంటిది అది, కాగితం మీద రాసుకొచ్చి చేస్తే రాదు. అలాంటి సినిమాకి డైరెక్టర్‌ని మారిస్తే పోయేది సినిమాయే.

కాబట్టి డైరెక్టర్‌ని ఉంచాలా అని అడిగేకంటే, మొదటి సినిమా చూసి జనం ఏం పట్టుకెళ్లారు, దాన్ని వండింది ఎవరు అని అడిగితే జవాబు తొందరగా దొరుకుతుంది. ఆ మనిషి డైరెక్టర్ కావచ్చు, రచయిత కావచ్చు, నటుడు కూడా కావచ్చు. ‘డీజే టిల్లు’నే తీసుకోండి. ఆ సినిమా కథ ఏంటని ఇప్పుడు అడిగితే శవం, డబ్బు బ్యాగు, రాధిక అని మూడు ముక్కల్లో చెప్పేస్తాం, మిగతాదంతా టిల్లు నోరే. ఆ హైదరాబాదీ యాస, ఆ లేనిపోని బిల్డప్పు, పీకల్లోతు మునిగినా తగ్గని ఆ పొగరు. అది సిద్ధు జొన్నలగడ్డ నటించింది మాత్రమే కాదు, రాతలోనూ అతని చేయి ఉంది. రెండో భాగంలోనూ అతనే రాశాడు. నిజం చెప్పాలంటే ‘టిల్లు స్క్వేర్’ కథ సెకండాఫ్‌లో ఏజెంట్లు, మిషన్లు అంటూ ఎటో పోయింది, అయినా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే టిల్లు టిల్లుగానే ఉన్నాడు.

దీనికి పూర్తి రివర్స్ ‘మన్మథుడు 2’. 2002లో వచ్చిన ‘మన్మథుడు’కి దర్శకుడు కె.విజయభాస్కర్, కథ, మాటలు త్రివిక్రమ్. ఇవాళ్టికీ ఆ సినిమా సీన్లు ఫోన్లలో తిరుగుతున్నాయంటే అది మాటల బలం. 2019లో రెండోది వచ్చేసరికి విజయభాస్కర్ లేడు, త్రివిక్రమ్ లేడు, కథ ఒక ఫ్రెంచ్ సినిమాది, పాత సినిమా నుంచి మిగిలింది నాగార్జున, ఆ పేరు, అంతే. రాహుల్ రవీంద్రన్ దర్శకత్వం మీద అందరూ విరుచుకుపడ్డారు గానీ, విజయభాస్కర్‌ని పిలిచి ఉన్నా త్రివిక్రమ్ మాటలు లేకుండా ఆయన మాత్రం ఏం చేసేవాడు?

ఆ అనుమానానికి రామ్‌గోపాల్ వర్మ దగ్గర జవాబు ఉంది. 1998 నాటి ‘సత్య’ ముంబై మాఫియా సినిమాలకే ఒక కొలమానం. 2013లో ఆయనే ‘సత్య 2’ తీశాడు. డైరెక్టర్ మారలేదు. కానీ మొదటి సినిమా రాసిన అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా లేరు, అందులోని భీకూ మాత్రే అనే గ్యాంగ్‌స్టర్ పాత్ర లేదు. రెండో సినిమా ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చాలామందికి గుర్తు కూడా లేదు, తెలుగులో శర్వానంద్ హీరో అంటే ఇప్పుడు నిజమా అని అడుగుతారు.

శంకర్ సంగతీ ఇంచుమించు ఇదే, కాకపోతే ఇది కొంచెం బాధ కలిగించే కథ. 1996 ‘భారతీయుడు’కి తమిళంలో మాటలు రాసింది సుజాత అనే కలంపేరున్న రచయిత రంగరాజన్. ‘ఒకే ఒక్కడు’, ‘అపరిచితుడు’, ‘శివాజీ’, ‘రోబో’, వీటిలోనూ ఆయన కలం ఉంది. 2008లో ఆయన చనిపోయారు, ఆ తర్వాత శంకర్ సినిమాల్లో హంగు పెరిగింది, పట్టు తగ్గింది. ‘భారతీయుడు’ నుంచి మనం పట్టుకెళ్లింది వేళ్లతోనే మనిషిని పడగొట్టే ఆ మర్మకళ కాదండీ, లంచం తిన్న కన్నకొడుకుని తండ్రి వదలకపోవడం. ‘భారతీయుడు 2’లోనూ ఆ ఆలోచన ఉంది, సిద్ధార్థ్ పాత్ర సొంత తండ్రినే పట్టిస్తుంది. ఉంది గానీ, ఆ తండ్రి మీద మనకి ప్రేమ పుట్టేలోపే పట్టించేశాడు, ఇక మనకి నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? 28 ఏళ్ల గ్యాప్ తర్వాత వచ్చింది అదే డైరెక్టర్ అని పోస్టర్ చెప్పింది. 1996లో సొంతంగా ఒకటి నిరూపించుకోవాలనే కసి ఉన్న కుర్రాడు, 2024లో అన్నీ నిరూపించేసుకున్న పెద్దమనిషి, ఇద్దరూ ఒకటేనా?

పి.వాసు మరీ విచిత్రం. ‘చంద్రముఖి’ అనగానే వాసు అంటాం. కానీ ఆ ముడి మలయాళం ‘మణిచిత్రతాళు’ది, 1993లో మధు ముట్టం రాస్తే ఫాజిల్ తీశాడు. వాసు దాన్ని 2004లో కన్నడకి, 2005లో తమిళానికి తెచ్చాడు. బాగా తెచ్చాడు, కాదనను. సీక్వెల్ దగ్గరికి వచ్చేసరికి అరువు తెచ్చుకోవడానికి ముడి లేదు, సొంతంగా వేసుకోవాలి. కన్నడ ‘ఆప్తరక్షక’ విష్ణువర్ధన్ చివరి సినిమాగా ఆడింది, అదే మన దగ్గర వెంకటేష్‌తో ‘నాగవల్లి’ అయితే చేదుగా మిగిలింది, 2023లో లారెన్స్‌తో ‘చంద్రముఖి 2’ ఇంకా చేదు. డైరెక్టర్ ప్రతిసారీ అతనే మరి.

మనకెందుకు ఈ గందరగోళం అంటే, మన టైటిల్ కార్డులే కారణమనిపిస్తుంది. చివర్లో పెద్ద అక్షరాలతో కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం అని ఒకే పేరు పడటం అలవాటైపోయింది. నిజంగానే కథ, దర్శకత్వం రెండూ ఒకరే చేసినవి ఉన్నాయి, ‘కార్తికేయ’ తీసిన చందు మొండేటి ఎనిమిదేళ్ల తర్వాత అదే హీరోని ఊరి గుడి నుంచి ద్వారక దాకా నడిపించి హిందీవాళ్లని కూడా హాళ్లకి రప్పించాడు. ‘హిట్’ సినిమాలైతే శైలేష్ కొలను ఒక్కడే దారం, విశ్వక్ సేన్, అడివి శేష్, నాని అని హీరోలు మారుతున్నారు, దారం మారడం లేదు. కానీ ఒకే పేరు ఉన్నంత మాత్రాన కథ మిగిలి ఉందని కాదు. ‘ఇస్మార్ట్ శంకర్’లో ఒకరి జ్ఞాపకాలు ఇంకొకరి తలలోకి ఎక్కించారు, ‘డబుల్ ఇస్మార్ట్’లో మళ్లీ అదే తలలోకి ఇంకొకరివి ఎక్కించారు. రాసిందీ పూరీయే, తీసిందీ పూరీయే, చెప్పడానికి మిగిలిందే లేదు.

హాలీవుడ్‌లో ఈ వాదనకి జేమ్స్ కామెరూన్ ఒక్కడే రెండు వైపులా సాక్షి. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన భయపెట్టే ‘ఏలియన్’ని 1986లో కామెరూన్ చేతికిస్తే దాన్ని యుద్ధం సినిమాగా మార్చి గెలిచాడు. తన సొంత ‘టెర్మినేటర్’కి 1991లో తానే సీక్వెల్ తీసి గెలిచాడు. 2003లో అతను లేకుండా మూడోది వచ్చింది, మొదటి రెండింటికి వచ్చిన పేరు దానికి రాలేదు.

నిర్మాత వైపు నుంచి చూస్తే ఇదంతా వేరే లెక్క. హిట్ కొట్టిన డైరెక్టర్‌కి ఆ వారంలోనే నాలుగు అడ్వాన్సులు వస్తాయి, పారితోషికం పెరుగుతుంది, పెద్ద హీరో పిలుస్తాడు, అతను తిరిగొచ్చేదాకా రెండేళ్లో మూడేళ్లో ఆగాలి, ఈలోపు టైటిల్ చల్లారిపోతుంది. అందుకని పేరు దగ్గర పెట్టుకుని మనిషిని మార్చేస్తారు. తప్పనను. మార్చేటప్పుడు ఎవర్ని వదులుకోకూడదో చూసుకోకపోవడమే నాకు అర్థం కాదు. పైగా ఇప్పుడు ‘సలార్’, ‘దేవర’, ‘కల్కి’ లాగా మొదటి సినిమాలోనే సగం దాచిపెట్టి పంపడం ఫ్యాషన్ అయింది, అందులో కొంత తెలివి ఉంది, డైరెక్టర్ ఎటూ పోలేడు. ప్రేక్షకుడు కూడా ఎటూ పోలేడు, ఏళ్లకేళ్లు ఎదురుచూడటమే.

‘టిల్లు స్క్వేర్’ చివర్లో ‘టిల్లు క్యూబ్’ అని వేశారు. మా బావమరిది ఇప్పటికే డైరెక్టర్ పేరు మీద మళ్లీ పందేనికి సిద్ధం. పాత బాకీ తీర్చమన్నాను ముందు. ఈసారి పందెం కాస్తే గీస్తే, రాసింది ఎవరో కార్డు పడ్డాకే కాస్తాను.