వాళ్లని ‘మందుల పిల్లలు’ అనకండి

పోయిన వారం మా చెల్లి కవలల బారసాల. చుట్టాలావిడ ఒకరు ఉయ్యాలలోకి తొంగి చూసి, "మందుల పిల్లలు కదమ్మా, అందుకే ఇంత పీలగా ఉన్నారు" అన్నారు. చెల్లి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతోంది.

ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండం తయారుచేసి కడుపులో పెట్టడం) చేయించుకున్న మాట నిజమే. 34 వారాలకే కాన్పయింది. ఒకరు కిలో ఎనిమిది వందలు, ఒకరు కిలో ఆరొందలు. కాకినాడలో 18 రోజులు బాక్స్‌లో ఉంచారు. చెల్లి పిండిచ్చిన పాలు ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టేవాళ్లం. 10 మిల్లీలీటర్లు తాగడానికి అరగంట. మధ్యలో చిన్నది నిద్రలోకి జారుకుంటే అరికాలి మీద తట్టి లేపాలి.

మా మేనత్త కూతురికి ఏ మందులూ లేకుండానే కవలలు. వాళ్లు 33 వారాలకే పుట్టారు. మరి వాళ్లనెవరూ ఏమీ అనలేదే?

కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారండీ, కడుపు ఎలా వచ్చినా సరే. అసలు చూడాల్సింది కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయ ఒకటా, రెండా అని. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కాన్‌లో అది బాగా తెలుస్తుంది. ఇద్దరికీ ఒకే మాయ ఉంటే, నూటికి 10–15 మందిలో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకి మళ్లిపోయే ప్రమాదం ఉంది. కవలలు పుట్టినవాళ్లలో చూస్తే, ఇలా ఒకే మాయ ఉండటం సహజంగా వచ్చిన కడుపుల్లోనే ఎక్కువ. ఐవీఎఫ్‌లో రెండు పిండాలు పెడితే మాయలు దాదాపు ఎప్పుడూ వేరువేరే. ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్లకి తరచూ వయసు ఎక్కువ కావడం వల్ల కూడా బీపీ, షుగర్, సిజేరియన్ ఎక్కువ కనిపిస్తాయి, అది ఒప్పుకుంటాను.

నా కోపం వేరే చోట ఉంది. 29 ఏళ్ల పిల్లకి రెండు పిండాలు ఎందుకు పెట్టారు? "ఒకే ఖర్చులో ఇద్దరు" అన్నారట ఆ ఆసుపత్రిలో. ఒకటి పెట్టి, రెండోది ఫ్రీజ్ చేసి, అవసరమైతే తర్వాత పెట్టొచ్చు. అలా చేసినా బిడ్డ పుట్టే అవకాశం దాదాపు అంతే ఉంటుంది. ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. మనమూ తక్కువేం కాదు, కొత్త కోడలికి జంట అరటిపండు తినిపించి మురిసిపోతాం. 2019లో మన తూర్పుగోదావరికి చెందిన డెబ్బై దాటిన ఆవిడకి ఐవీఎఫ్‌తో కవలలు పుడితే టీవీలన్నీ పండగ చేశాయి. 2021లో చట్టం వచ్చాక గానీ ఆడవాళ్లకి 50 ఏళ్లని హద్దు పెట్టలేదు.

ట్రీట్‌మెంట్‌కి వెళ్తున్న చెల్లెళ్లూ, ఎన్ని పిండాలు పెడుతున్నారో, ఎందుకో సంతకం పెట్టేముందే అడగండి.

నిన్న అంగన్‌వాడీలో తూకం వేశారు. చిన్నది మూడు కిలోలు దాటింది.