ఉచిత సలహా గారికి, తడి చేతులతో రాస్తున్న ఉత్తరం

గౌరవనీయులైన ఉచిత సలహా గారికి,

చిరునామా రాయడం లేదు. పిలవకపోయినా వచ్చేవారికి చిరునామా ఎందుకు? ఇక్కడ ఎవరో చెమట గురించి బాధపడుతున్నారని తెలిస్తే చాలు, మీరే వచ్చి ఈ ఉత్తరం చదివేస్తారు, చదివి "దీనికింత రాయాలా, కాస్త పౌడర్ రాసుకుంటే పోయేదిగా" అని ఒక ముక్క పడేసి వెళ్తారు కూడా.

నేను చెప్పేది ఎండలో నడిస్తేనో, మెట్లెక్కితేనో పట్టే చెమట గురించి కాదు. దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఏ పనీ చేయకుండా చల్లటి గదిలో ఫ్యాన్ కింద కూర్చున్నా అరచేతుల్లో, అరికాళ్లలో, చంకల్లో, కొందరికి నుదుటి మీద ఊరుతూనే ఉండే చెమట సంగతి. డాక్టర్లు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. లెక్కలు అన్ని చోట్లా ఒకేలా లేవు గానీ నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉంటామని అంచనా. అంటే మీరు అడుగుపెట్టే ప్రతి పెద్ద గదిలోనూ మాలో ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు, చేతులు జేబుల్లో దాచుకుని.

మీ దగ్గరున్న సరుకు మహా అయితే ఐదారు వాక్యాలు. తరతరాలుగా వాటినే తిప్పి తిప్పి వాడుతున్నారు. వాటిలో మొదటిది, మీకు బాగా ఇష్టమైనది: "టెన్షన్ పడకు."

ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి. ఒక ఫారం నింపాలి. మీరైతే పెన్ను తీసి రాసేస్తారు. మేం ముందు అరచేతి అంచు కింద మడతపెట్టిన రుమాలు పెట్టుకుంటాం. లేకపోతే నాలుగో గడికి వచ్చేసరికి కాగితం మెత్తబడి ఉబ్బుతుంది, రాసిన పేరు మీద చెయ్యి ఆని సిరా పాకుతుంది, పెన్ను వేళ్ల మధ్య నుంచి కిందికి జారుతూ పోతుంది, దాన్ని గట్టిగా పట్టుకుంటే చేతిరాత మారిపోతుంది. చివర్లో సంతకం. ఆ సంతకం పాత సంతకంతో కలవదు. పక్కనే వేలిముద్ర మిషన్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు, అది ఎర్ర లైటు వెలిగించి మళ్లీ పెట్టమంటుంది, తుడుచుకుని పెడతాం, మళ్లీ ఎర్ర లైటు, వెనక వరుసలో ఎవరో గట్టిగా ఊపిరి వదులుతారు. సరిగ్గా అప్పుడే మా భుజం మీద చెయ్యి వేసి మీరంటారు, "ఎందుకంత టెన్షన్, రిలాక్స్ అవ్వు" అని. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండేది మెదడులోని హైపోథాలమస్. వేడి పెరిగితే అది చెమట పట్టిస్తుంది, ఆ చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఇది అందరికీ ఉన్న ఏర్పాటే. అరచేతుల్లో, అరికాళ్లలో ఉండే గ్రంథులు మాత్రం వేడికంటే మనసుకే ఎక్కువ పలుకుతాయి, భయమేసినా ఆత్రం కలిగినా ముందు అక్కడే తడి. అది కూడా అందరికీ ఉన్నదే, పరీక్ష హాల్లో మీకూ ముచ్చెమటలు పట్టే ఉంటాయి. మరి మా ప్రత్యేకత ఏమిటంటే, మా గ్రంథుల సంఖ్య ఎక్కువేం కాదు, సైజూ పెద్దదేం కాదు. వాటికి కబుర్లు మోసే సింపథెటిక్ నరాలు అవసరానికి మించి కబుర్లు పంపిస్తాయి. ఆ నరాలు మన మాట వినే రకం కాదు. గుండెను కాసేపు నెమ్మదిగా కొట్టుకోమంటే కొట్టుకుంటుందా? ఇదీ అంతే.

టెన్షన్ వల్ల చెమట పెరుగుతుంది, ఒప్పుకుంటాను. చెమట కనిపిస్తుందేమోనని టెన్షన్ పెరుగుతుంది, అదీ నిజమే. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుంటే మధ్యలో మీరు వచ్చి, అందరిముందూ, గొంతు కాస్త పెంచి, చెమట పడుతోందని గుర్తుచేస్తారు. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా చూస్తారు.

రెండో వాక్యం కొంచెం మర్యాద ముసుగులో వస్తుంది: "రోజుకు రెండుసార్లు స్నానం చెయ్యి." మేం మూడుసార్లు చేసి వచ్చామని మీకు తెలియదు. మనిషి ఒంటి మీద 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి, వాటిలో చాలా భాగం నుంచి వచ్చేది ఉప్పు కలిసిన నీళ్లు, దానికి వాసన లేదు. చంకల్లాంటి చోట్ల యుక్తవయసులో పనిలోకి దిగే వేరే రకం గ్రంథులుంటాయి, వాటి నుంచి వచ్చేది చిక్కగా ఉంటుంది, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడే వాసన. అందుకే చెమట ధారలు కట్టినా ఏ వాసనా రాని వాళ్లుంటారు, పెద్దగా చెమట పట్టకపోయినా పక్కన నిలబడలేని వాళ్లూ ఉంటారు (రెండో రకంవాళ్ల దగ్గరికి మీరు సలహాతో వెళ్లరు, అదేమిటో). శుభ్రతకు మా జబ్బుతో సంబంధం లేదు. కాళ్ల విషయంలో మాత్రం ఒక్క మాట ఒప్పుకోవాలి: తడి సాక్సుల్లో గంటలకొద్దీ నానితే పాదాల చర్మం తెల్లబడి ఊడుతుంది, ఫంగస్ పడుతుంది, అప్పుడు వాసనా వస్తుంది. సాక్సులు మధ్యలో మార్చుకోవడం, ఒకే జత బూట్లు రోజూ వేయకుండా ఆరనివ్వడం, వేళ్ల సందులు తుడుచుకోవడం పనికొచ్చే పనులు. ఇవి మీరెప్పుడూ చెప్పలేదు.

"నీళ్లు తక్కువ తాగు" అని కూడా అన్నారు. పొరపాటున ఎవరైనా మీ మాట విన్నారంటే చెమట ఆగదు, తల తిరుగుతుంది. మీ ఇంట్లోనే ఉండే ఇంకో పెద్దమనిషి దీనికి పూర్తిగా ఎదురు చెప్తారు, "చెమట పట్టడం మంచిదే, ఒంట్లో విషాలన్నీ పోతాయి" అని. ఆ పని చూసుకోవడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. మీరిద్దరూ ముందు మీలో మీరు తేల్చుకుని తర్వాత మా దగ్గరికి రండి.

ఇక పౌడర్, స్ప్రే. ఇక్కడ కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి, ఎందుకంటే మీరు నిజానికి చాలా దగ్గరగా వచ్చి తప్పిపోయారు. మీరు కొనుక్కోమనేది డియోడరెంట్. అది వాసన సంగతి చూస్తుంది, చెమటను ఆపదు. చెమటను తగ్గించేది యాంటీపెర్‌స్పిరెంట్, అందులో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమటతో కలిసి గ్రంథి నాళం మూతి దగ్గర చిన్న బిరడాలా గట్టిపడతాయి. మొదటిది 1888లో, రెండోది 1903లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి, అంటే ఈ తేడా తెలుసుకోవడానికి మీకు నూరేళ్లకు పైగానే టైం దొరికింది. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదివితే ఏది ఏదో తెలిసిపోతుంది. కానీ మీరు సీసా ముందువైపు బొమ్మ చూసి సలహా ఇస్తారు.

సరే, సరైన సీసానే కొన్నామనుకోండి, వాడే పద్ధతి కూడా మీరు తలకిందులుగా చెప్పారు. పొద్దున స్నానం చేసి, హడావిడిగా, ఇంకా తడి ఆరకముందే రాసుకుని పరిగెత్తమన్నారు. రాసుకోవాల్సింది రాత్రి పడుకోబోయే ముందు. అప్పుడు చెమట తక్కువగా ఉంటుంది, మందు నాళంలో నిలబడటానికి సమయం దొరుకుతుంది. చర్మం పూర్తిగా పొడిగా ఉండాలి. డాక్టర్లు రాసే 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ లాంటి ఘాటైన రకం తడి చర్మం మీద పడితే నీటితో కలిసి ఆమ్లం తయారవుతుంది, అందుకే ఆ మంట, ఆ దురద. షేవింగ్ చేసిన వెంటనే అసలు రాయకూడదు. పొద్దున్నే కడిగేసుకోవాలి. మొదట కొన్నాళ్లు రోజూ రాత్రి, తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లు సరిపోవచ్చు. ఈ నాలుగు ముక్కలు తెలియక ఎంతమంది "అది నాకు పనిచేయలేదు, మంట పుట్టింది" అని సీసా అటక మీద పడేశారో. అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో పంపిస్తుంటారు చూడండి, అది కూడా మీ చేతి పనే. దానికి నమ్మదగిన ఆధారాలు దొరకలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి వాడాలి.

మీ మీద నాకున్న అసలు కోపం ఇప్పుడు చెప్తాను. మీరు చెప్పినవన్నీ పనికిరానివని కాదు నా బాధ. మీ మాటలు విని విని, ఇది అడగాల్సిన విషయమే కాదని, డాక్టరు దగ్గరికెళ్తే నవ్వుతారని మావాళ్లు ఏళ్లకేళ్లు నోరు మూసుకుంటారు. ఇది చాలావరకు కుటుంబాల్లో నడిచే జబ్బు, ఇంట్లో తండ్రికో మేనత్తకో ఉండే ఉంటుంది. వాళ్లు కూడా మీ శిష్యులే కాబట్టి "నాకూ ఉండేది, అదే అలవాటైపోతుంది" అంటారు. అలా ఒక పిల్లాడు బళ్లో తడిసిన నోట్‌బుక్కులతో మొదలుపెట్టి, రంగు చొక్కాలు మానేసి, ఏ పని అయినా చేతులు కనిపించేదైతే వద్దనుకునే దాకా వెళ్తాడు.

డాక్టరు అడిగేవి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఆరు నెలలుగా ఉందా, 25 ఏళ్ల లోపే మొదలైందా, రెండు వైపులా సమానంగా పడుతోందా, వారానికి ఒక్కసారైనా ఇబ్బంది పెడుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, నిద్రలో ఆగిపోతోందా. వీటికి ఎక్కువగా అవుననే జవాబొస్తే వేరే జబ్బు వల్ల కాకుండా తనంతట తానే వచ్చే మా రకమని దాదాపు తేలిపోతుంది. అలా కాకుండా పెద్ద వయసులో కొత్తగా మొదలైనా, ఒక వైపే పట్టినా, ఒళ్లంతా పట్టినా, వేరే కారణం వెతకాలి: థైరాయిడ్ ఎక్కువవడం, షుగర్ బాగా పడిపోవడం, ముట్లుడిగే వయసు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు. రాత్రుళ్లు పక్క తడిసిపోయేంత చెమటతో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ లాంటివి ఉన్నాయేమో చూస్తారు. ఛాతీ నొప్పితో చల్లటి చెమటలు పడితే మాత్రం అది ఎమర్జెన్సీ, అప్పుడు దయచేసి మీరు పక్కకు తప్పుకోండి, "గ్యాస్ అయ్యుంటుంది" అనకండి. ఎక్కడెక్కడ ఎంత పడుతోందో చూడటానికి ఒక పాత పరీక్ష ఉంది, 1928లో మైనర్ అనే వైద్యుడు చెప్పింది. చర్మానికి అయోడిన్ పూసి, ఆరాక పైన పిండిపదార్థం పొడి చల్లితే, చెమట తగిలిన చోటల్లా ముదురు నీలం, నలుపు రంగులోకి మారుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, మీకు చూపించాలని ఉంది.

వైద్యాలూ ఉన్నాయి. చేతులు, కాళ్లకైతే అయాంటోఫోరెసిస్: నీళ్లున్న పళ్లేల్లో చేతులు పెట్టి ఇరవై ముప్పై నిమిషాలు సన్నటి కరెంటు పంపిస్తారు, మొదట్లో వారానికి కొన్నిసార్లు, తర్వాత అప్పుడప్పుడు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకీ గర్భిణులకీ పనికిరాదు. చంకలకు బోటాక్స్ (నరాల కబుర్లు గ్రంథులకు అందకుండా ఆపే మందు) ఇంజెక్షన్లను అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే ఒప్పుకుంది, కొన్ని నెలలు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. అరచేతుల్లోనూ వేస్తారు గానీ నొప్పి ఎక్కువ, కొన్నాళ్లు పట్టు తగ్గొచ్చు. ఆక్సీబ్యూటినిన్, గ్లైకోపైరోలేట్ లాంటి మాత్రలు ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి, దాంతోపాటు నోరు ఎండిపోతుంది, చూపు మసకబారొచ్చు, మలబద్ధకం రావొచ్చు, మండే ఎండలో తిరిగితే వడదెబ్బ ప్రమాదమూ ఉంది. డాక్టరు చెప్పకుండా మింగే సరుకు కాదు.

ఆఖరి మెట్టు ఆపరేషన్. దీని పేరు వినగానే మీ కళ్లు వెలుగుతాయి, "ఒక్క దెబ్బతో పోతుందట కదా" అంటారు. ఛాతీలో ఆ సింపథెటిక్ నరాన్ని కత్తిరించడమో, క్లిప్పు వేయడమో చేస్తారు. అరచేతులు ఎండిపోతాయి, నిజమే. ఆ తర్వాత చాలామందికి వీపు, పొట్ట, తొడలు తడవడం మొదలవుతుంది, కొందరికి ముందున్న బాధే నయమనిపించేంతగా, పైగా వెనక్కి తిప్పుకోవడం దాదాపు కుదరదు. అందుకే మిగతావన్నీ అయ్యాక, అన్నీ అడిగి తెలుసుకున్నాక తీసుకోవాల్సిన నిర్ణయం అది. మీరు ఫోన్‌లో చెప్పి పెట్టేసే విషయం కాదు.

మిమ్మల్ని పూర్తిగా మానేయమంటే మానరని తెలుసు, కాబట్టి చిన్న కోరికలు. మేం కిటికీ పక్క సీటు అడిగితే ఎందుకని అడక్కుండా ఇచ్చేయండి. నల్ల చొక్కా రోజూ వేస్తే ఇంకో రంగు దొరకలేదా అనకండి. ఎవరైనా నోరు తెరిచి చెప్పుకుంటే పౌడర్ పేరు చెప్పే ముందు "చర్మం డాక్టర్ని కలిశావా" అని అడగండి, అదొక్కటీ ఉచితంగా ఇచ్చినా విలువున్న సలహా. ఇంకొకటి, షేక్‌హ్యాండ్ ఇచ్చాక మీ చేతిని ప్యాంటుకు తుడుచుకుంటారు కదా, ఆ పని మేం అటు తిరిగాక చేయండి.

ఇట్లు,
రుమాలు లేకుండా గడప దాటని ఒక మనిషి