ఎడమ కాలా, కుడి కాలా?

పుణ్యక్షేత్రానికి వెళ్ళే భక్తుడికి సైతాను కన్నా పెద్ద అడ్డంకి బిచ్చగాడు. నా మాట కాదిది. తమిళనాడులో మేరీమాత గుడి ఉన్న వేళాంగణి వెళ్ళొచ్చిన ఎవరినైనా అడగండి. ఆరోగ్యమాత గురించి రెండు ముక్కలు, గది అద్దె గురించి నాలుగు ముక్కలు చెప్పి అసలు బాధలోకి దిగుతారు. "అబ్బ, అడుగు తియ్యనివ్వరండీ!"

నిజమే కదా. ఆగస్టు 29న జెండా ఎగరేసింది మొదలు సెప్టెంబర్ 8న మాత పుట్టినరోజు పండగ దాకా ఇసుక వేస్తే రాలని జనం. కాషాయం కట్టి కాలినడకన వచ్చేవాళ్ళు, గుండు గీయించుకునేవాళ్ళు, ఇసుక దారిలో మోకాళ్ళ మీద నడిచేవాళ్ళు. ఇంత భక్తి మధ్య ఎవడో సత్తు గిన్నె చాపితే ఏకాగ్రత చెడదూ?

మా బస్సులో వచ్చిన పెద్దాయనకు ఎలా చెడిందో కళ్ళారా చూశాను. ఆయనకు మోకాలి నొప్పి. అక్కడి ఆచారం తెలిసిందే, ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ అవయవం బొమ్మను మాతకు సమర్పించుకోవాలి. కళ్ళు, చేతులు, గుండె, పిల్లల్లేనివాళ్ళకు ఉయ్యాల, అద్దె కొంపల్లో ఉండేవాళ్ళకు ఇల్లు, అన్నీ దుకాణంలో దొరుకుతాయి. ఈయన వెళ్ళి "వెండి కాలు చూపించు" అన్నాడు. షాపువాడు వచ్చీరాని తెలుగులో "ఎడమా, కుడియా సార్?" అన్నాడు. నొప్పి కుడి మోకాలికే. కానీ ఎడమది కూడా ఈ మధ్య కలుక్కుమంటోంది. "రెండూ కలిపి ఎంతకిస్తావ్?" వంకాయలు ఏరినట్టు కాళ్ళన్నీ తిరగేశాడు. ఒకదానికి వేళ్ళు అయిదూ ఉన్నాయా లేదా లెక్కపెట్టాడు. ఇంకోటి మడమ దగ్గర సొట్ట పడిందని పక్కన పెట్టాడు. సొట్ట కాలిస్తే తన కాలు కూడా సొట్టగానే బాగవుతుందేమోనని టెన్షన్. అసలు వెండేనా అని గోటితో గీకి చూశాడు. చివరికి ఎడమ కాలి సంగతి వచ్చే ఏడాది చూద్దామనుకుని కుడిది ఒక్కటే కట్టించుకున్నాడు.

అంతసేపూ ఆయన పక్కనే చక్రాల చెక్క మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ పైనుంచే రెండు కాళ్ళూ లేవు. "ధర్మం చెయ్యండయ్యా" అన్నాడు. పెద్దాయన గయ్యిమన్నాడు. "దుక్కలా ఉన్నావు, పని చేసుకుని బతకలేవూ?" ఆ తర్వాత, దయగల మనిషి కనుక, పది రూపాయల నోటు తీసి "ఎనిమిది తిరిగివ్వు" అన్నాడు. అతను ఇచ్చాడు. ఒక రూపాయి అరిగిపోయి ఉందని మార్పించుకున్నాడు కూడా.

ఆ గుడి వెనక కథ ఈ భక్తులందరికీ కంఠతా వచ్చు. పదహారో శతాబ్దంలో నడవలేని పేద పిల్లాడొకడు మర్రిచెట్టు నీడన మజ్జిగ అమ్ముకుంటుంటే, బిడ్డనెత్తుకున్న తల్లి వచ్చి మజ్జిగ అడిగింది. వాడు పోశాడు. గుడి కట్టాలన్న కబురు మోసుకుని నాగపట్నం పరుగెత్తింది ఆ పిల్లాడే. ఇవాళ వాడే అక్కడ కూర్చుంటే "దారికి అడ్డం లే" అని అదిలిస్తారు. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మాత కనిపించిన బెర్నదెత్తు ఎవరు? పాడుబడ్డ జైలు గదిలో కాపురముంటున్న కుటుంబం, పుల్లలేరుకోవడానికి వెళ్ళిన పిల్ల. ఏటా ఫిబ్రవరి 11న లూర్దుమాత పండగకి మన విజయవాడ గుణదల కొండెక్కి ఆ కథ విని కళ్ళు తుడుచుకునేవాళ్ళే, దిగేటప్పుడు అలాంటి పిల్ల చెయ్యి చాపితే పురుగును దులిపినట్టు దులిపేసి పోతారు. సిగ్గుండాలి. ఎవరి కాళ్ళ కోసం వెలిసిన గుడి, ఎవరి కాళ్ళకు వెండి!

దేవాలయం గుమ్మంలో కుంటివాడు చెయ్యి చాపితే, వెండి బంగారాలు నా దగ్గర లేవన్నాడు యేసు శిష్యుడు పేతురు. నిజంగానే లేవు. అయినా చెయ్యి పట్టుకుని లేపాడు. మా పెద్దాయన దగ్గర వెండి ఉంది. కాలి ఆకారంలోనే ఉంది.

అన్నట్టు, అడుక్కోవడం నేరమట. తమిళనాడుకు 1945 నాటి చట్టం, మనకు 1977 నాటిది. చాలా మంచి చట్టాలు. మరి కొడుక్కి అమెరికా వీసా ఇప్పించమని మోకాళ్ళ మీద వెళ్ళి అడిగేవాణ్ణి ఏ సెక్షన్ కింద లోపలెయ్యాలో కూడా రాసి ఉంటే పోలీసులకు సౌకర్యంగా ఉండేది.